వీసా ఇచ్చేది ఒకరు, గడువు వేసేది ఇంకొకరు

విశాఖ ఎంవీపీ కాలనీలో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే రిటైర్డ్ ఉద్యోగుల పక్కన కాసేపు నిలబడితే చాలు, పెన్షన్ గురించి మొదలైన మాట పది నిమిషాల్లో అమ్మాయి హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) మీదకో, మనవడి పాస్‌పోర్టు మీదకో మళ్ళిపోతుంది. ప్రశ్నలు కూడా ఎప్పుడూ దాదాపు అవే. పదేళ్ళ వీసా వచ్చింది కదా ఏడాది ఉండొచ్చా, అక్కడ పుట్టిన పిల్లాడు మన దేశస్థుడేనా, ఓసీఐ కార్డుంటే (వేరే దేశపు పౌరులైన భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఓటుంటుందా, పొలం కొనొచ్చా. జవాబులు మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, ఎందుకంటే వీటన్నిటినీ ఒకే మూట కట్టి ఒకే మనిషిని, ఎక్కువసార్లు ద్వారకానగర్‌లో ఏదో కన్సల్టెన్సీలో కూర్చున్న కుర్రాణ్ణి, అడిగేస్తుంటారు. వీసా ఇచ్చేది ఒక శాఖ, దేశంలోకి రానిచ్చి ఎన్నాళ్ళుండాలో తేల్చేది ఇంకో శాఖ, పౌరసత్వం సంగతి రెండు దేశాలూ ఎవరి చట్టం ప్రకారం వాళ్ళు చూసుకుంటాయి, భూమి విషయం విదేశీ మారకద్రవ్య నిబంధనల్లో ఉంటుంది. ఏ ప్రశ్నైనా ముందు "ఇది ఎవరు తేల్చాలి" అని అడిగితే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

పదేళ్ళ వీసానే తీసుకుందాం. కూతురి పురుడుకో, కొడుకు గృహప్రవేశానికో వెళ్ళే తల్లిదండ్రులకి హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ ఇచ్చే విజిటర్ వీసా మామూలుగా పదేళ్ళది. ఈ కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై 2023లో నానక్‌రామ్‌గూడకి మారింది. అది అమెరికా విదేశాంగ శాఖ కింద ఉంటుంది, దాని పని వీసా ఇవ్వడం వరకే. విమానం దిగాక ఎదురుగా కూర్చునే అధికారి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ మనిషి. లోపలికి రానివ్వాలా వద్దా, రానిస్తే ఏ తేదీ వరకు అన్నది ఆయన చేతిలో పని. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ పాస్‌పోర్టులో అతికించిన వీసా మీద ఉండదు, ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. విమానంలో వచ్చేవాళ్ళకి ఇది 2013 నుంచి కాగితం రూపంలో లేదు, వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు నంబరు కొట్టి తీసుకోవాలి. దిగిన వారం లోపే దాన్ని ప్రింట్ తీసి చూసుకోవడం మంచిది. పాస్‌పోర్టు గడువు దగ్గర పడినవాళ్ళకి, ముఖ్యంగా హెచ్-1బి మీద వెళ్ళినవాళ్ళకి, ఐ-94 తేదీని పాస్‌పోర్టు గడువు దగ్గరే ఆపేస్తుంటారు. కంపెనీ పెట్టిన పిటిషన్ మూడేళ్ళకి ఆమోదమైనా సరే, ఆ రికార్డులో 14 నెలలే పడితే ఉండగలిగేది 14 నెలలే. మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో ముందే రెన్యువల్ చేయించుకుని బయల్దేరితే ఈ గొడవే ఉండదు.

గడువు దాటితే ఏమవుతుందన్నదానికి "ఏం కాదండీ, మా తోడల్లుడు ఏడు నెలలున్నాడు" అనే జవాబు ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. చట్టం ప్రకారం ఐ-94 తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా ఆ వీసా రద్దయినట్టే, మీద ఎన్నేళ్ళ గడువు రాసున్నా సరే. 180 రోజులకి మించి అక్రమంగా ఉండి బయటికొస్తే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు మళ్ళీ అడుగు పెట్టనివ్వరు. నిజంగా ఉండాల్సిన అవసరం వస్తే, ఆపరేషనో మరోటో అయితే, గడువు తీరకముందే పొడిగింపు కోరుతూ ఐ-539 దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంకో చిన్న సంగతి, ఎవరూ అడగరు కానీ తెలిసి ఉండాలి: మనవడికి స్నానం చేయించి ఎత్తుకు తిరగడం ఉద్యోగం కాదు, పక్కింటి తెలుగువాళ్ళ పిల్లాణ్ణి కూడా నెలకి ఇంత అని మాట్లాడుకుని చూస్తే మాత్రం అది ఉద్యోగమే, విజిటర్ వీసా మీద అది నిషేధం.

వీసా ఇంటర్వ్యూలో అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద తిరస్కరించారంటే ఆ మనిషి మీద మచ్చ పడిందని కాదు. విజిటర్, స్టూడెంట్ వీసాలకి వచ్చే ప్రతి దరఖాస్తుదారుడూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని నమ్మించే బాధ్యత మనది. దానిమీద అప్పీల్ లేదు, మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. 221(జి) కాగితం ఇస్తే అది వేరే కథ, ఇంకేవో పత్రాలు కావాలనో, పరిశీలన మిగిలి ఉందనో అర్థం. ఇల్లు, బంగారం, బ్యాంకు డిపాజిట్ల కాగితాలు లావుపాటి ఫైలులో పెట్టుకుని వెళ్తారు, చాలాసార్లు అధికారి ఆ ఫైలు తెరవమని కూడా అనడు. రెండు మూడు నిమిషాల మాటల్లోనే తేలిపోతుంది.

చదువుకోడానికి వెళ్ళే పిల్లల విషయంలో పొరపాటు ఇంకాస్త ఖరీదైనది. విద్యార్థుల ఐ-94 మీద చాలాకాలంగా తేదీ బదులు డి/ఎస్ అని పడుతూ వచ్చింది, అంటే చదువు సక్రమంగా సాగినన్నాళ్ళు ఉండొచ్చని (దాన్ని తీసేసి స్థిరమైన గడువు పెట్టాలని 2025 ఆగస్టులో ప్రతిపాదన తెచ్చారు). ఆ "సక్రమంగా" ఎక్కడ తెగుతుందో తెలియక మునిగినవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు కాళ్ళకి రేడియో ట్యాగులు వేయించుకున్న తెలుగు పిల్లల ఫోటోలు ఇప్పటికీ చాలామందికి గుర్తే. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు యూనివర్సిటీయే కాదు, అమెరికా ప్రభుత్వమే పన్నిన వల. క్లాసుల్లేవు, పాఠాల్లేవు, ఉద్యోగం చేసుకోడానికి పనికొచ్చే కాగితం ఉంది, అంతే. 129 మంది భారతీయ విద్యార్థుల్ని పట్టుకున్నారు, అందులో తెలుగువాళ్ళు చాలామంది. "ప్రభుత్వమే మోసం చేసింది కదా" అన్న వాదనలో న్యాయం ఉండొచ్చు గానీ ఇమ్మిగ్రేషన్ చట్టం దగ్గర అది పెద్దగా నిలబడదు. క్లాసులకి వెళ్ళకుండా స్టూడెంట్ హోదా వాడుకున్నారా లేదా అన్నదొక్కటే అక్కడ ప్రశ్న. కన్సల్టెన్సీ చెప్పింది, సీనియర్ చెప్పాడు అన్నది సమాధానం కాదు. ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఉన్నవాళ్ళకీ ఇంతే, ఉద్యోగం లేకుండా మొత్తం కలిపి 90 రోజులే గడపొచ్చు, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలుస్తాయి. ఈ రోజుల లెక్క కాలేజీ పెట్టదు, ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి.

హెచ్-1బి దగ్గర ఈమధ్య అందరి టెన్షన్ లక్ష డాలర్ల ఫీజు గురించే. 2025 సెప్టెంబరు 19న వచ్చిన అధ్యక్షుడి ప్రకటనలో ఈ ఫీజు అమెరికా బయట ఉన్న మనిషి కోసం వేసే కొత్త పిటిషన్లకి, ఏడాది కాలానికి అని పెట్టారు. అప్పటికే అక్కడ పనిచేస్తూ పొడిగింపు కోరేవాళ్ళకి అది లేదు. కట్టాల్సింది కంపెనీ, ఉద్యోగి కాదు. అదే నెల నుంచి ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) అయిపోయే రోజులు దాదాపుగా పోయాయి, ఇంకో దేశానికి వెళ్ళి స్టాంపింగ్ చేయించుకోవడం కూడా. ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గ్రేస్ ఉంటుంది, ఆ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా హోదా మార్చుకోవాలి, లేదా వచ్చేయాలి.

ఇక గ్రీన్‌కార్డు, అంటే అమెరికాలో శాశ్వతంగా ఉండే అనుమతి. ఇక్కడ అడిగే ప్రశ్న ఎప్పుడూ "ఎన్నేళ్ళు పడుతుంది" అని. అడగాల్సింది "ఎక్కడ పుట్టావు" అని. ఉద్యోగం మీద ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు, ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్న పరిమితి, దాని వల్ల 2025 చివర్లో కూడా ఇండియా ఈబీ-2 (పీజీ స్థాయి ఉద్యోగాల) క్యూ 2013 దగ్గరే ఉంది. అంటే 2013లో ఫైలు పెట్టినవాళ్ళ వంతు అప్పుడొస్తోంది. ఈ క్యూలో దేశం అంటే పాస్‌పోర్టు ఇచ్చిన దేశం కాదు, పుట్టిన దేశం. తండ్రి కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తున్నప్పుడు అక్కడి ఆసుపత్రిలో పుట్టి, ఆరో నెలలో శ్రీకాకుళం వచ్చి, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివి, జీవితమంతా భారత పాస్‌పోర్టే మోసిన కుర్రాడు గ్రీన్‌కార్డు లెక్కలో కువైట్ వాడే, ఇండియా క్యూలో నిలబడక్కర్లేదు. అంతకన్నా విచిత్రం, ఆ వెసులుబాటు భార్యకో భర్తకో ఉన్నా రెండోవాళ్ళు వాడుకోవచ్చు. పెళ్ళిచూపుల్లో జాతకంతో పాటు పుట్టిన ఊరు కూడా శ్రద్ధగా అడుగుతున్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇదే క్యూ ఇంకోవైపు పిల్లల్ని నలిపేస్తుంది: రెండేళ్ళ వయసులో హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద వెళ్ళిన పాప 21 దాటేసరికి తల్లిదండ్రుల వంతు రాకపోతే ఆ ఫైలు కిందనుంచి జారిపోతుంది, స్టూడెంట్ వీసా మీద మళ్ళీ మొదటికి.

పుట్టిన చోటు అంత ముఖ్యమైనప్పుడు దాన్ని నిరూపించే కాగితం ఇంకెంత ముఖ్యం. మనవాళ్ళ ఫైళ్ళు ఎక్కువగా తట్టుకుని పడేది ఇక్కడే. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది, 1970 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, అయినా ఆ తర్వాత చాలా ఏళ్ళు పల్లెల్లో పుట్టుకలు నమోదు చేయించినవాళ్ళు తక్కువ. మనకి పుట్టినరోజు అంటే టెన్త్ సర్టిఫికెట్ మీద ఉన్నదే, అది కూడా బడిలో వేసిన మాస్టారు తనకి తోచింది రాసింది అయ్యుంటుంది. అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి ఇది చాలదు, తల్లిదండ్రుల పేర్లతో సహా జనన ధ్రువపత్రం కావాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నుంచి వచ్చిన పాత సర్టిఫికెట్లలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే, ఆసుపత్రి వాళ్ళు పంపేటప్పటికి బారసాల అయ్యుండదు కదా. ఆ గడి తర్వాత నింపించుకోవచ్చు. అసలు నమోదే లేకపోతే మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో రికార్డు లేదని సర్టిఫికెట్ తీసుకుని, పుట్టుక సంగతి తెలిసిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు జతచేస్తారు. యాభై ఏళ్ళ వయసులో కొత్తగా ఆలస్యపు నమోదు చేయించి అదొక్కటే పెడితే అనుమానం వస్తుంది, పాత స్కూలు రికార్డులు కూడా పక్కన ఉండాలి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకైతే ఇక్కడ పాస్‌పోర్టుకే జనన ధ్రువపత్రం తప్ప ఇంకేదీ ఒప్పుకోరు, కాబట్టి రాబోయే తరానికి ఈ బాధ తగ్గొచ్చు.

పేరు గొడవ దీనికి తోడు. టెన్త్ మెమోలో కె.వి.ఎస్.ఎన్.మూర్తి, ఆధార్‌లో వెంకట సత్యనారాయణ మూర్తి, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరంతా గివెన్ నేమ్ గడిలో. అలాంటి పాస్‌పోర్టు మీద వచ్చే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరుగా వెళ్ళిపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని మూడక్షరాలు కూర్చుంటాయి. ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సులో, బ్యాంకులో, జీతం స్లిప్పులో ఆ మనిషి పేరు ఎఫ్ఎన్‌యూ. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టు మీద విజిట్ వీసాకి రానివ్వడం మానేసింది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే ఇంటిపేరు విడదీసి రాయించుకుంటే సరిపోయేదానికి, తర్వాత గెజిట్లూ అఫిడవిట్లూ అంటూ తిరుగుతుంటారు.

ఇప్పుడు పౌరసత్వం. గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్ళకి, అమెరికా పౌరుణ్ణి పెళ్ళిచేసుకుని కలిసి ఉంటే మూడేళ్ళకి, అక్కడి పౌరసత్వానికి దరఖాస్తు చేయొచ్చు. ప్రమాణం చేసేటప్పుడు పాత దేశపు పౌరసత్వం వదిలేస్తున్నట్టు చెప్పిస్తారు గానీ, నిజంగా పోగొట్టేది ఆ ప్రమాణం కాదు, మన చట్టమే. భారత పౌరసత్వ చట్టం 1955లో 9వ సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా ఇంకో దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణంలో మనది దానంతటదే రద్దవుతుంది. ఢిల్లీ నుంచి ఎవరూ ఉత్తరం రాయక్కర్లేదు. బీరువాలో భారత పాస్‌పోర్టు ఇంకా నాలుగేళ్ళ గడువుతో భద్రంగా ఉన్నా దానికి విలువ లేదు, దాని మీద ప్రయాణిస్తే పాస్‌పోర్టు చట్టం కింద నేరం. దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకుంటేనే ఓసీఐకి దారి. ఈ ఓసీఐని 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే మొదలుపెట్టారు. పేరులో సిటిజన్ ఉండబట్టి ద్వంద్వ పౌరసత్వం అనుకుంటారు, నిజానికి అది జీవితకాలపు వీసా లాంటిది. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడలేరు, మామూలుగా ప్రభుత్వోద్యోగం ఉండదు. విదేశంలో ఉన్నా భారత పౌరసత్వం వదులుకోనివాళ్ళు మాత్రం ఫారం 6ఎ ఇచ్చి ఓటు పెట్టుకోవచ్చు, వేయడానికి సొంత ఊరికి రావాలి.

వదులుకున్నది మళ్ళీ తెచ్చుకోవచ్చా అంటే తెచ్చుకోవచ్చు, ఇక్కడ నివాసం ఉండాలి, ఎన్నాళ్ళున్నారో నిజం చెప్పాలి. వేములవాడ ఎమ్మెల్యేగా పనిచేసిన చెన్నమనేని రమేష్ కేసు తెలుగువాళ్ళకి తెలిసిందే. జర్మనీ పౌరసత్వం తీసుకుని, 2009లో మళ్ళీ భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకి ముందు ఏడాదిలో చేసిన విదేశీ ప్రయాణాలు దాచారంటూ కేంద్ర హోంశాఖ 2019లో దాన్ని రద్దు చేసింది, 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు కూడా ఆయన పిటిషన్ కొట్టేసి 30 లక్షలు కట్టమంది. పౌరసత్వం ఇచ్చిన శాఖకే దాన్ని వెనక్కి తీసుకునే అధికారం కూడా ఉందన్నది చాలామంది పట్టించుకోని విషయం.

పిల్లల సంగతికొస్తే ఇంటింటికీ ఒక వాదన. హెచ్-1బి మీద ఉన్న దంపతులకి అక్కడ పుట్టిన బిడ్డ అమెరికా రాజ్యాంగ 14వ సవరణ ప్రకారం అక్కడి పౌరుడు, 1898 నుంచి అక్కడి సుప్రీంకోర్టు తీర్పు కూడా దానికి ఆధారంగా ఉంది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళ పిల్లలకి ఇది వర్తించదంటూ 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు, కింది కోర్టులు ఆపాయి, అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు విచారణకి తీసుకుంది. పురుడు దగ్గర పడ్డవాళ్ళు అప్పటికి కోర్టులు ఏం చెప్పాయో చూసుకోవాల్సిందే. మన వైపు నుంచి చూస్తే, తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులైతే ఏడాది లోపు కాన్సులేట్‌లో నమోదు చేసి బిడ్డని భారతీయుణ్ణి చేయొచ్చు, కానీ వేరే దేశపు పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. చేతిలో అమెరికా పాస్‌పోర్టు పెట్టుకుని అలా రాసివ్వడం ఎవరి వల్లా కాదు, అందుకే అందరూ ఓసీఐకే వెళ్తారు.

దీనికి తిరగేసిన కథ ఈమధ్య విశాఖలో ఎక్కువవుతోంది. భార్యాభర్తలిద్దరూ అమెరికా పౌరసత్వం తీసుకుని, ఓసీఐ మీద తిరిగొచ్చి మధురవాడలో స్థిరపడ్డారు, రెండో బిడ్డ ఇక్కడే పుట్టింది. విశాఖలో పుట్టింది కదా, భారతీయురాలే అనుకుంటారు. కాదు. 1987 జూలై 1కి ముందు ఈ గడ్డ మీద పుడితే చాలు. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి రెండోవాళ్ళు అక్రమ వలసదారు కూడా కాకూడదు. ఇద్దరూ ఓసీఐ అయితే ఆ పాప పుట్టుకతో విదేశీయురాలు. జీవీఎంసీ జనన ధ్రువపత్రం వస్తుంది, అది పౌరసత్వ పత్రం కాదు. అమెరికా కాన్సులేట్‌లో పుట్టుక నమోదు చేయించి అక్కడి పాస్‌పోర్టు తెచ్చుకుని, ఇక్కడ ఉండటానికి మళ్ళీ అనుమతి తీసుకోవాలి. తల్లో తండ్రో ఒక్కరు భారత పౌరసత్వం ఉంచుకున్నా ఈ ప్రయాసంతా ఉండేది కాదు.

భూమి ప్రశ్న భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని ఊపందుకుంది. ఆనందపురం, తగరపువలస దాటి రోడ్డు పక్కన ఏ బోర్డు చూసినా ఎన్ఆర్ఐల కోసమే అన్నట్టుంటుంది. ఓసీఐ వాళ్ళు వ్యవసాయ భూమి, ఫాంహౌస్, తోటలు కొనకూడదని చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ కూడా కొనకూడదు. ఈ నిబంధన చూసేది పౌరసత్వాన్ని కాదు, నివాసాన్ని. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) కింద 2019 నిబంధనల్లో ఇద్దరినీ ఒకే గాటన కట్టారు. ఫ్లాటు, ఇల్లు, ఆమోదం పొందిన లేఅవుట్‌లో ప్లాటు ఎన్నైనా కొనొచ్చు. నాన్న పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అమ్మాలంటే ఇక్కడ ఉండేవాళ్ళకే అమ్మాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఆధార్ చూపించి రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అంటారు, అక్కడ కూర్చున్నాయన ఫెమా చూడడు, అది చూసే బాధ్యత కొనేవాడిదే.

అమెరికా వెళ్ళేవాళ్ళ గొడవలో పడి, ఉత్తరాంధ్ర నుంచి గల్ఫ్‌కీ ఆగ్నేయాసియాకీ పనికి వెళ్ళేవాళ్ళ ప్రశ్నలు వెనకబడిపోతాయి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్ళిన కుర్రాళ్ళతో సైబర్ మోసాలు చేయించారు. వాళ్ళు నిరక్షరాస్యులు కారు, అసలు చిక్కు అక్కడే ఉంది. 1983 వలస చట్టం కింద గట్టి తనిఖీ పదో తరగతి పాసవని, ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి కావాలని రాసి ఉండేది) ఉన్నవాళ్ళకి, అదీ గల్ఫ్ సహా 18 దేశాలకి వెళ్ళేటప్పుడే. కంబోడియా ఆ జాబితాలో లేదు, వీళ్ళు చదువుకున్నవాళ్ళు, చేతిలో ఉన్నది టూరిస్టు వీసా, కాబట్టి ఆపేవాళ్ళే లేరు. టూరిస్టు వీసా మీద వెళ్ళాక అక్కడ వర్క్ పర్మిట్‌గా మార్చేస్తాం అని ఏజెంటు అన్నాడంటే, దిగిన రోజు నుంచీ ఆ మనిషి అక్కడి చట్టం ముందు దోషిగానే ఉంటాడు, పాస్‌పోర్టు లాక్కున్నా పోలీసు స్టేషన్‌కి వెళ్ళడానికి భయపడతాడు. ఏ దేశానికైనా పనికి పంపే ఏజెంటుకి మన విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ఆ లైసెన్సు బతికుందో లేదో కనిపిస్తుంది. సర్వీసు చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి అడగకూడదు, తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. లక్షన్నర అడిగి, రసీదు ఊసెత్తకుండా, లైసెన్సు వైజాగ్‌లో మాది కాదు ముంబైలో మా సార్‌ది అంటున్నాడంటే, ఆ ముంబై నంబరు కూడా అదే వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు, డబ్బు చేతికివ్వక ముందే.